అచ్చుకాని మ్యూజికల్ స్క్రిప్టును వెతికి పట్టుకోవడం ఎలా? బ్రాడ్వే, వెస్ట్ ఎండ్ ప్రదర్శనలకు సమగ్ర మార్గదర్శి

న్యూయార్క్ బ్రాడ్వే థియేటర్లలోనో లండన్ వెస్ట్ ఎండ్‌లోనో ఒకప్పుడు ఆడిన మ్యూజికల్ (పాటలూ మాటలూ కలిసి కథ నడిపే నాటకం) పాటలు రికార్డుల్లో వినగలం. పాటకీ పాటకీ మధ్య పాత్రలు ఏం మాట్లాడుకున్నాయో చదువుదామంటే మాత్రం పుస్తకం ఎక్కడా కనిపించదు. దీనికి కారణం ఆ వ్యాపారం నడిచే తీరే. మామూలు నాటకాన్ని అచ్చువేసి అమ్ముతారు. మ్యూజికల్ స్క్రిప్టునూ స్వరలిపినీ కలిపి లైసెన్సు సంస్థలు నాటక బృందాలకు అద్దెకిస్తాయి, ప్రదర్శనలు ముగియగానే వెనక్కి తీసుకుంటాయి. అందుకే అవి లైబ్రరీ అరల్లోకి చేరవు. నాలుగు రోజులు ఆడి మూతపడ్డవాటికి ఆ అద్దె ప్రతి కూడా తయారై ఉండదు.

అయినా అచ్చు కాలేదంటే ఆనవాలు లేకుండా పోయినట్టు కాదు. తెర లేవకముందే ఎన్నో ప్రతులు టైపు చేయించాలి. నిర్మాతకు, దర్శకుడికి, స్టేజ్ మేనేజరుకు, డిజైనర్లకు, ప్రధాన నటులకు, కాపీరైట్ ఆఫీసుకు, ఒకప్పటి లండన్‌లో అయితే సెన్సారుకు కూడా. ఒక్కో ప్రతీ ఒక్కో అవసరం కోసం పుట్టింది. ఎవరికి, ఎందుకు ఇచ్చారో తెలిస్తే అది చివరికి ఏ పెట్టెలో చేరి ఉంటుందో చాలా వరకు ఊహించవచ్చు. ఈ వెతుకులాట మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1. ఏ రూపం కావాలో ముందు తేల్చుకోండి

ఒక మ్యూజికల్‌కు స్క్రిప్టు ఒక్కటే ఉండదు. రిహార్సల్ మొదటి రోజు చేతికిచ్చింది ఒకటి. న్యూయార్క్ రాకముందు న్యూ హేవెన్, బోస్టన్, ఫిలడెల్ఫియా లాంటి ఊళ్ళలో ఆడించి చూసేటప్పుడు రాత్రికి రాత్రి మారిపోయింది మరొకటి. బ్రాడ్వే ప్రారంభానికి కాస్త ముందు ‘ఇక మార్పుల్లేవు’ అని ఖాయం చేసింది ఇంకొకటి. తరవాత ఇతర బృందాల కోసం లైసెన్సు సంస్థ సవరించినది వేరు, లండన్ ప్రదర్శన కోసం మార్చినది వేరు. ఏది కావాలో తేల్చుకోకుండా మొదలుపెడితే, చివరికి దొరికినది మీరు అనుకున్నదో కాదో కూడా తెలియదు.

ఒక కాగితం మీద ఈ వివరాలు రాసుకోండి: సంభాషణలు రాసినవారు, పాటలు రాసినవారు, సంగీతం కట్టినవారు (ముగ్గురి పేర్లూ విడివిడిగా), నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, స్టేజ్ మేనేజరు, ఆడిన ప్రతి ఊరూ, థియేటరూ, తేదీ. బ్రాడ్వే ప్రదర్శనలకు ఇంటర్నెట్ బ్రాడ్వే డేటాబేస్, ఆఫ్ బ్రాడ్వేకు (న్యూయార్క్‌లోనే చిన్న థియేటర్లు) లార్టెల్ సంస్థ నడిపే డేటాబేస్ చాలా వరకు సరిపోతాయి. బ్రాడ్వేకు ముందు ఇతర ఊళ్ళలో ఆడించి చూసిన ప్రదర్శనల సంగతులకు ‘వెరైటీ’ పత్రిక పాత సంచికలు, ఆ ఊరి దినపత్రికల సమీక్షలు చూడాలి.

ఈ దశలో అన్నిటికంటే పనికొచ్చేది పాటల జాబితా. ఒక్కో ఊళ్ళో పంచిన ప్రోగ్రాం పుస్తకంలో ఏయే పాటలు, ఏ వరసలో ఉన్నాయో పక్కపక్కన పట్టికగా రాయండి. రేపు తేదీ లేని టైపు ప్రతి ఒకటి దొరికితే, అది ఏ దశదో చెప్పేది ఈ పట్టికే.

పేరు విషయంలో చాలామంది దెబ్బతింటారు. మ్యూజికల్స్ దారిలో పేరు మార్చుకుంటాయి. 1943లో న్యూ హేవెన్‌లో ‘అవే వుయ్ గో!’ పేరుతో మొదలైన ప్రదర్శనే బ్రాడ్వే చేరేసరికి ‘ఓక్లహోమా!’ అయింది. కాపీరైట్ నమోదు గానీ, ఆర్కైవ్ (పాత కాగితాలు భద్రపరిచే చోటు) ఫోల్డర్ మీద రాసిన పేరు గానీ పాత పేరుతోనే ఉండిపోవచ్చు. అందుకని తెలిసిన ప్రతి పేరుతోనూ, మ్యూజికల్ పేరు వదిలేసి రచయితల పేర్లతోనూ వెతకాలి.

2. నిజంగా అచ్చు కాలేదా? అద్దెకు దొరుకుతుందా?

ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగు అయిన వరల్డ్‌క్యాట్‌లో శీర్షికతో, ముగ్గురు రచయితల పేర్లతో వెతకండి. పుస్తకం, వోకల్ స్కోరు (గాయకుల కోసం రాసిన స్వరలిపి), టైపు ప్రతి, మైక్రోఫిల్మ్ వేర్వేరు నమోదులుగా ఉంటాయి. తరవాత లైసెన్సు సంస్థల జాబితాలు చూడండి. మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్, కాంకర్డ్ థియేట్రికల్స్, థియేట్రికల్ రైట్స్ వరల్డ్‌వైడ్, బ్రాడ్వే లైసెన్సింగ్ ముఖ్యమైనవి. శామ్యూల్ ఫ్రెంచ్, టామ్స్-విట్‌మార్క్, రోడ్జర్స్ అండ్ హామర్‌స్టైన్ జాబితాలు ఇప్పుడు కాంకర్డ్ కిందే ఉన్నాయి కాబట్టి పాత కాగితాల్లో ఆ పేర్లు కనిపిస్తే అక్కడే అడగాలి.

జాబితాలో ఉంటే మీ పని దాదాపు అయిపోయినట్టే. ప్రదర్శన ఎంపిక కోసం చదివి చూసుకోవడానికి ‘పెరూజల్’ ప్రతి ఇస్తారు. అది సవరించిన లైసెన్సు ప్రతి అన్న సంగతి మరవొద్దు. జాబితాలో లేకపోయినా ఒక ఈమెయిల్ రాయండి. పైకి ప్రకటించని సరుకు గోదాముల్లో ఉండటం ఈ రంగంలో కొత్తేమీ కాదు. 1982లో న్యూజెర్సీలోని సెకాకస్‌లో, ఒక సంగీత ప్రచురణ సంస్థ గోదాములో గెర్ష్విన్, జెరోమ్ కెర్న్, కోల్ పోర్టర్ లాంటి సంగీతకర్తల రాతప్రతులు పెట్టెలకొద్దీ బయటపడ్డాయి. పోయాయనుకున్న పాటలు ఎన్నో అందులో ఉన్నాయి.

3. అమెరికా కాపీరైట్ నమోదులు

అచ్చుకాని రచనను కూడా నమోదు చేసుకునే వీలు 1909 చట్టం కల్పించింది. నమోదు చేయాలంటే ఒక ప్రతి దాఖలు చేయాలి. నిర్మాతతో ఒప్పందం కుదిరే ముందు రచయితలు సాధారణంగా ఈ పని చేసేవారు. కాబట్టి ఆ నాటకం ఎన్నడూ ఆడకపోయినా ప్రతి వాషింగ్టన్‌లో ఉండే అవకాశం ఉంది.

అమెరికన్ రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ ఉదాహరణ చూడండి. ఆమె 1925 నుంచి 1944 మధ్య కాపీరైట్ ఆఫీసులో దాఖలు చేసిన పది నాటకాల టైపు ప్రతులు 1997లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో (కాపీరైట్ ఆఫీసు దానిలో భాగమే) మళ్ళీ వెలుగు చూశాయి. వాటిలో ఎక్కువ భాగం అప్పటిదాకా అచ్చూ కాలేదు, ఆడనూ లేదు. ఇంకో సంగతి గమనించాలి: ఆ పదీ ఒకే చోట లేవు. రాతప్రతుల విభాగం, సంగీత విభాగం, అరుదైన పుస్తకాల విభాగం మధ్య చెదిరి ఉన్నాయి. ఒక విభాగంలో ‘లేదు’ అన్నారని ఆగిపోకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వెతికే పద్ధతి ఇది:

- 1870–1916 మధ్య కాలానికి, నమోదైన నాటకాల జాబితాను ప్రభుత్వమే 1918లో రెండు సంపుటాలుగా అచ్చు వేసింది. 1909కి ముందు నమోదుల్లో శీర్షిక మాత్రమే చేరి, ప్రతి చేరనివి ఉంటాయి. నమోదు కనబడగానే స్క్రిప్టు ఉందని నమ్మేయకండి.
- 1977 వరకు ‘కేటలాగ్ ఆఫ్ కాపీరైట్ ఎంట్రీస్’ సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. నాటకాల భాగంలో, ప్రదర్శన సంవత్సరానికి రెండు మూడేళ్ళు ముందు నుంచి రెండేళ్ళు తరవాత వరకు చూడండి. ఆఫీసువారి పాత కార్డుల స్కాన్లు కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయి.
- 1978 నుంచి ఇప్పటివరకు కాపీరైట్ ఆఫీసు ఆన్‌లైన్ రికార్డుల్లోనే దొరుకుతుంది.

నమోదు సంఖ్య ముందుండే అక్షరాలు అసలు సంగతి చెబుతాయి. 1978కి ముందు ‘డీయూ’ అంటే అచ్చుకాని నాటకం, ‘డీపీ’ అంటే అచ్చయిన నాటకం. ‘ఈయూ’, ‘ఈపీ’ సంగీతానికి సంబంధించినవి. 1978 తరవాత ‘పీఏయూ’ అచ్చుకాని ప్రదర్శన రచన, ‘పీఏ’ అచ్చయినది. మీకు కావాల్సింది డీయూ, పీఏయూ. ఈయూ మాత్రమే దొరికితే అక్కడున్నది విడి పాటే అయి ఉంటుంది, సంభాషణలు దొరకవు. అచ్చుగుద్దినట్టు అదే పేరు కనిపించేసరికి సంబరపడి ఈ తేడా చూడనివారే ఎక్కువ.

రికార్డులు మీ తరఫున ఆఫీసు సిబ్బందే వెతకాలంటే రుసుము గంటకు 200 డాలర్లు, కనీసం రెండు గంటలు. మీరు సొంతంగా చూసుకోగలిగినదంతా చూశాకే ఆ డబ్బు పెట్టండి. దాఖలైన ప్రతికి నకలు కావాలంటే మూడు దారులే ఉన్నాయి: హక్కుదారు రాతపూర్వక అనుమతి, ఆ రచన మీద నడుస్తున్న లేదా నడవబోయే వ్యాజ్యం, లేదా కోర్టు ఉత్తర్వు. అయితే అక్కడికి వెళ్ళి కూర్చుని చదవడానికి ఇన్ని షరతులు ఉండవు. ప్రతిని దూరాన ఉన్న భద్రస్థలం నుంచి తెప్పించాల్సి రావచ్చు కాబట్టి బయల్దేరే ముందే రాసి ఖాయం చేసుకోండి.

4. లండన్ సెన్సారు ప్రతులు

బ్రిటన్‌లో 1968 వరకు కొత్త నాటకం ఏదైనా బహిరంగంగా ఆడాలంటే నాటకాల సెన్సారు చూసే రాజాస్థాన అధికారి లార్డ్ చాంబర్లేన్ కార్యాలయానికి స్క్రిప్టు పంపి లైసెన్సు తెచ్చుకోవాలి. 1824 నుంచి 1968 వరకు అలా చేరిన ప్రతులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అంతకు ముందువి, అంటే 1737–1824 నాటివి, కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో లార్పెంట్ సేకరణగా ఉన్నాయి. అమెరికన్ మ్యూజికల్ అయినా సరే 1968కి ముందు లండన్‌లో ఆడితే దాని ప్రతీ ఇక్కడ చేరి ఉండాలి. న్యూయార్క్‌లో ఎంత గాలించినా దొరకనివాటికి ఇది గొప్ప దారి. అమెరికన్ పరిశోధకులు ఈ వైపు ఆలస్యంగా చూస్తారు.

1843 చట్టం ప్రకారం ప్రదర్శనకు కనీసం ఏడు రోజుల ముందు ప్రతి అందాలి. అందువల్ల అక్కడున్నది ప్రారంభానికి ముందటి రూపం, చివరి వారం మార్పులు అందులో ఉండకపోవచ్చు. ఆలస్యంగా చేర్చిన పాటల సాహిత్యాన్ని విడిగా పంపేవారు కనుక ఉత్తరప్రత్యుత్తరాల ఫైలు కూడా అడగండి. ఏ మాట కొట్టేయమన్నారో, బదులుగా ఏం రాశారో అందులోనే తెలుస్తుంది. రెవ్యూల (విడివిడి పాటలూ హాస్య ఘట్టాలూ కలిపిన ప్రదర్శనలు) స్కెచ్‌లు ఒక్కొక్కటిగా వెళ్ళినవి ఉంటాయి, వాటిని విడి పేర్లతో వెతకాలి. సభ్యులకు మాత్రమే ఆడే క్లబ్ థియేటర్లు లైసెన్సు లేకుండానే నెట్టుకొచ్చేవి. అక్కడ మొదలై మామూలు థియేటరుకు మారిన ప్రదర్శన అయితే, మారిన తేదీ దగ్గర చూడండి.

1968 చట్టం సెన్సారును ఎత్తేసింది గానీ, కొత్త నాటకం మొదటి ప్రదర్శన అయిన నెల లోపల లైబ్రరీకి ఒక ప్రతి ఇవ్వాలన్న నిబంధన పెట్టింది. పాటించనివారు ఎందరో ఉన్నారు, అయినా అడగడం మానొద్దు. 2023 అక్టోబరు సైబర్ దాడి బ్రిటిష్ లైబ్రరీ కేటలాగులను దెబ్బతీసింది. ఆన్‌లైన్‌లో కనబడలేదని వదిలేయకుండా రాతప్రతుల విభాగానికి రాయండి.

5. పని చేసినవారి కాగితాలు

రచయిత కాగితాల్లో డ్రాఫ్టులు ఉంటాయి. తెర మీద నిజంగా జరిగినది స్టేజ్ మేనేజరు ప్రాంప్ట్ పుస్తకంలో ఉంటుంది. వెలుగు ఎప్పుడు మారాలి, పాట ఏ మాట తరవాత ఎత్తుకోవాలి, ఏ నాలుగు పంక్తులు కొట్టేశారు, అన్నీ పెన్సిలుతో అందులోనే. చివరి రూపం కావాల్సినవారు రచయిత కంటే ముందు స్టేజ్ మేనేజరును, దర్శకుణ్ణి వెతకాలి. కాస్ట్యూమ్ డిజైనరు, నృత్య దర్శకుడు, సంగీత దర్శకుడు, నిర్మాత ఆఫీసు, ఆఖరికి పాత్ర దక్కని నటుడి కాగితాలు కూడా పనికొస్తాయి.

ఆర్కైవుల సేకరణలను వెతికే వెబ్‌సైటు ఆర్కైవ్‌గ్రిడ్‌లో ఈ పేర్లన్నీ ఒక్కొక్కటిగా వేయండి. ప్రతి సేకరణకూ ఫైండింగ్ ఎయిడ్ అనే జాబితా ఉంటుంది, అందులో బాక్సు, ఫోల్డర్ సంఖ్యలు ఉంటాయి. మ్యూజికల్ పేరు కోసం మాత్రమే వెతికితే చాలా తప్పిపోతాయి. ‘స్క్రిప్టులు, గుర్తించనివి’, ‘ఇతరములు’ అని రాసిన ఫోల్డర్లను సంవత్సరం చూసి పట్టుకోవాలి.

ముందుగా చూడదగ్గ చోట్లు: న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోని పబ్లిక్ లైబ్రరీ శాఖ, అందులోని బిల్లీ రోజ్ థియేటర్ విభాగం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సంగీత విభాగం (రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్, సంగీతకర్త జొనాథన్ లార్సన్, నిర్మాత డేవిడ్ మెరిక్ కాగితాలు అక్కడే), మాడిసన్‌లోని విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీ (నాటక రచయిత మాస్ హార్ట్, నిర్మాత కెర్మిట్ బ్లూమ్‌గార్డెన్), టెక్సస్‌లోని హ్యారీ రాన్సమ్ సెంటర్, హార్వర్డ్ హౌటన్ లైబ్రరీ, యేల్ సంగీత లైబ్రరీ (కోల్ పోర్టర్). నిర్మాతలూ థియేటర్ల యజమానులూ అయిన షూబర్ట్ సోదరుల ప్రదర్శన అయితే 1976లో ఏర్పడిన షూబర్ట్ ఆర్కైవ్. మరీ పాత ఆపరెట్టాలకు (తేలికపాటి సంగీత నాటకాలు) విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్స్ లైబ్రరీలోని టామ్స్-విట్‌మార్క్ సేకరణ. కనెటికట్‌లో గుడ్‌స్పీడ్ సంస్థకు మ్యూజికల్స్ కోసమే ఒక లైబ్రరీ ఉంది.

1994లో మొదలైన న్యూయార్క్ సిటీ సెంటర్ ‘ఎన్‌కోర్స్!’, యార్క్ థియేటర్ ‘మ్యూజికల్స్ ఇన్ మఫ్తీ’ లాంటి కార్యక్రమాలు మరుగున పడ్డ మ్యూజికల్స్‌ను మళ్ళీ వేదికెక్కిస్తాయి. మీరు వెతికేది అక్కడ ఎప్పుడైనా ఆడిందంటే, ఎవరో మీకంటే ముందే ఆ స్క్రిప్టును సంపాదించారన్న మాట. వారిని అడగండి.

6. ఆర్కైవిస్టుకు రాసే ఉత్తరం

‘ఫలానా మ్యూజికల్ గురించి మీ దగ్గరున్నదంతా పంపండి’ అన్న ఉత్తరానికి మర్యాదపూర్వకమైన ‘లేదు’ తప్ప మరేదీ రాదు. అర పేజీ చాలు. మ్యూజికల్ పేరు, పాత పేర్లు, మొదటి ప్రదర్శన ఊరు, తేదీ, ముగ్గురు రచయితలు, ఏ సేకరణ, ఏ బాక్సు, ఏ ఫోల్డర్, కావాల్సిన రూపం, ఎందుకు కావాలి. ఆఖర్న ఒకే ఒక్క ప్రశ్న: ‘ఈ ఫోల్డర్‌లో ఉన్నది పూర్తి స్క్రిప్టేనా? ఎన్ని పేజీలు, మొదటి పేజీ మీద ఏ తేదీ ఉంది?’ పది నిమిషాల్లో చూసి చెప్పగల ప్రశ్నకు జవాబు వస్తుంది. రెండు మూడు వారాలు ఆగి ఒకసారి గుర్తు చేయండి.

చదువుకోవడం, నకలు తీసుకోవడం, ప్రదర్శించడం మూడూ వేరు వేరు అనుమతులు. చాలా ఆర్కైవులు గదిలో కూర్చుని చదవనిస్తాయి, హక్కుదారు అనుమతి లేనిదే మొత్తం నకలు ఇవ్వవు. ఫొటోలు తీసుకోనిస్తారో లేదో ముందే కనుక్కోండి. లింకన్ సెంటర్ లైబ్రరీలోనే 1970 నుంచి ప్రదర్శనల వీడియోలు భద్రపరిచే విభాగం ఒకటుంది. అనుమతి తీసుకుని వెళ్ళి చూడవచ్చు, నోట్సు రాసుకోవచ్చు, రికార్డు చేసుకోకూడదు. స్క్రిప్టు దొరికాక కూడా ఆ వీడియోతో పోల్చి చూడటం మంచిది.

7. హక్కుదారును కనిపెట్టడం

బతికున్న రచయితలకు ఏజెంటు ఉంటారు, నాటక రచయితల సంఘం డ్రమటిస్ట్స్ గిల్డ్ ద్వారా చేరుకోవచ్చు. గతించినవారికి రెండు మంచి దారులున్నాయి. ఒకటి, రాన్సమ్ సెంటర్, రీడింగ్ విశ్వవిద్యాలయం కలిసి నడిపే ‘వాచ్’ డేటాబేస్. రెండోది కాపీరైట్ రెన్యువల్. పాత చట్టం కింద 28వ ఏట రెన్యువల్ చేసుకోవాలి, 1935లో నమోదైతే 1962–63 సంపుటాల్లో చూడాలి. అక్కడ పేరు పక్కన ‘డబ్ల్యూ’ ఉంటే భార్య, ‘సీ’ ఉంటే సంతానం, ‘ఈ’ ఉంటే వీలునామా అమలు చేసే వ్యక్తి. వారసులెవరో ఒక్క అక్షరంతో తేలిపోతుంది. అక్కడి నుంచి న్యూయార్క్‌లో అయితే సరొగేట్ కోర్టు వీలునామా రికార్డులు ముందుకు నడిపిస్తాయి.

1964కి ముందు అచ్చుకాని రచనగా నమోదై, రెన్యువల్ జరగని అమెరికన్ స్క్రిప్టు అక్కడ ఎవరి సొత్తూ కాదు. సంభాషణలకు వర్తించినది పాటలకు వర్తించాలని లేదు, పాటలు విడిగా అచ్చయి విడిగా రెన్యువల్ అయి ఉంటాయి. బ్రిటిష్ రచనలకైతే 1996 నుంచి అమెరికాలో రక్షణ తిరిగి వచ్చింది, ఈ సూత్రాన్ని వాటికి పట్టించకండి. వేలంలోనో పాత పుస్తకాల వర్తకుడి దగ్గరో ప్రతి కొన్నా, మీకు వచ్చేది కాగితాల మీద హక్కు మాత్రమే.

8. చేతికొచ్చిన ప్రతిని పరీక్షించడం

మొదటి పేజీ మీద టైపింగ్ సంస్థ ముద్ర చూడండి. న్యూయార్క్ ప్రతుల మీద హార్ట్ స్టెనోగ్రాఫిక్ బ్యూరో, స్టూడియో డూప్లికేటింగ్ సర్వీస్ లాంటి పేర్లు ఉంటాయి, ప్రతి వృత్తిపరంగా తయారైందని చెప్పడానికి అది మంచి గుర్తు. పేజీ సంఖ్య 1-3-17 అని ఉంటే ఒకటో అంకం, మూడో రంగం, 17వ పేజీ. 17 తరవాత 17ఏ, 17బీ వస్తే అక్కడ కొత్తగా చేర్చారు. 17 నుంచి నేరుగా 20కి దూకితే ఏదో తీసేశారు, లేదా పేజీలు ఊడిపోయాయి. నీలం, గులాబీ కాగితాలు సవరణలు, మూలన చిన్న అక్షరాల్లో తేదీ ఉంటుంది. తెల్ల పేజీలు ఒక నెలవి, రంగు పేజీలు మరో నెలవి అయితే మీ చేతిలో ఉన్నది రెండు రూపాల కలగలుపు.

పాట దగ్గర శీర్షిక ఒక్కటే ఉండి సాహిత్యం లేకపోవడం తరచూ జరుగుతుంది. రాసేటప్పుడు పాటల కాగితాలు విడిగా తిరుగుతుండేవి. అలాంటప్పుడు పాట రాసినవారి కాగితాల్లోనూ, ఈయూ నమోదుల్లోనూ చూడాలి.

9. పూర్తి ప్రతి ఎక్కడా లేకపోతే

ముక్కలను కలపాలి. నటుల ‘సైడ్స్’లో వారి మాటలూ, వాటికి ముందు వచ్చే అందింపు మాటలూ మాత్రమే ఉంటాయి. నలుగురైదుగురివి దొరికితే ఒక రంగం నిలబడుతుంది. పియానో-కండక్టర్ స్కోరులో (వాద్యబృందాన్ని నడిపేవారు ముందు పెట్టుకునే స్వరలిపి) సంగీతం ఎత్తుకోవాల్సిన ప్రతి చోటా దాని ముందు సంభాషణ రాసి ఉంటుంది. పాట వెనక మాటలు నడుస్తుంటే ఆ మాటలూ ఉంటాయి. సమీక్షలు రంగాల వరసను, ప్రోగ్రాం పుస్తకం కథ జరిగే ఊరినీ కాలాన్నీ చెబుతాయి. రహస్యంగా రికార్డు చేసిన టేపుల జోలికి పోకండి. వాటి మీద ఆధారపడిన పాఠానికి ఏ హక్కుదారూ అనుమతి ఇవ్వరు.

ఇలా కూర్చేటప్పుడు ప్రతి పంక్తి పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి: ఏ ఆర్కైవ్, బాక్సు, ఫోల్డర్, పేజీ. మీరు ఊహించి నింపిన మాటలను చదరపు బ్రాకెట్లలో వేరే రంగుతో పెట్టండి. ఖాళీ ఉన్నచోట ఎన్ని పంక్తులు పోయి ఉంటాయో స్కోరులోని సంగీతం నిడివిని బట్టి అంచనా రాసి, ఖాళీని ఖాళీగానే ఉంచండి. రేపు ఎవరికైనా మరో ముక్క దొరికితే సరిగ్గా అక్కడ పెట్టగలుగుతారు.